చార్మినార్ దగ్గర ఒక పూట గడపనివ్వండి

పాతబస్తీలో రోడ్లు, వీధి దీపాలు, ట్రాఫిక్, పర్యాటకం, పాత కట్టడాల సంరక్షణ చూసే అధికారులందరికీ నమస్కారం.

వీటిలో ఏ పని ఎవరి చేతిలో ఉందో మాలాంటి మామూలు జనానికి సరిగ్గా తెలియదు. అందుకే మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను.

నేను పాతబస్తీలోని గౌలిపురాలో పుట్టి పెరిగాను. మా నాయన పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశారు. చిన్నప్పుడు సాయంత్రం ఆయనకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లి, ఆ రాతి కమానుల కింద అరుగు మీద కూర్చుని లెక్కల హోంవర్క్ చేసుకునేదాన్ని. పెళ్లయ్యాక మల్కాజిగిరికి వచ్చేశాను. ఇప్పటికీ నెలకోసారైనా ఏదో ఒక వంక పెట్టుకుని అటు వెళ్లకపోతే నాకు తోచదు.

మొన్న మాఘంలో మా అన్న కూతురి పెళ్లి గాజులకని అమ్మను, వదినను తీసుకుని లాడ్ బజార్‌కు వెళ్లాను. అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా మనవరాలి గాజులు తానే ఏరాలని పట్టుబట్టి వచ్చింది. మూడో దుకాణంలో ఉండగా నా చెవి దగ్గరికి వంగి, "బాత్రూమ్‌కు పోవాలె బిడ్డా" అంది మెల్లగా. నేను బయటికి పరుగెత్తాను. కనిపించిన ఒక మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. ఇంకొకటి ఎక్కడుందని అడిగితే ఇద్దరు రెండు దిక్కులు చూపించారు. ఆ జనంలో అమ్మను నడిపించి తీసుకెళ్లేదెట్లా, దొరక్కపోతే ఏం చేయాలి అని ఒకటే టెన్షన్. నా ముఖం చూసి గాజుల దుకాణం పెద్దాయన కూర్చున్నచోటి నుంచి లేచాడు. "ఊపర్ ఘర్ హై, అమ్మాకో లేకే జావో" (పైన ఇల్లుంది, అమ్మను తీసుకెళ్లు) అని మనవణ్ని తోడిచ్చి పంపాడు.

దుకాణం పక్కన, మనిషి పట్టేంత సందులోంచి నిటారుగా మెట్లు. అమ్మ గోడ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కింది. పైన ఆ ఇంటి ఆడవాళ్లు కుర్చీ వేశారు, నీళ్లిచ్చారు, చాయ్ తాగితే గానీ కదలనివ్వలేదు. అప్పుడు చూశాం, కిటికీ పక్కన నేల మీద కూర్చుని ఆ ఇంటి కోడలు గాజులకు రాళ్లు పొదుగుతోంది.

ఆమె ముందు చిన్న కుంపటి, దాని మీద ఇనుప రేకు. లక్క గాజును ఆ రేకు మీద ఒక్క క్షణం తిప్పి తీస్తుంది. లక్క కాస్త మెత్తబడుతుంది. పట్టకారుతో ఆవగింజంత రాయిని తీసి ఆ మెత్తదనంలో అదుముతుంది. పక్కనే ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. లక్క చల్లారి గట్టిపడితే రాయి నిలవదు, మళ్లీ వేడి చూపించాలి. ఎక్కువ వేడైతే గాజు వంపు పోతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న సమయం ఎంతో ఆమె వేళ్లకు తెలుసు, చూపు కూడా పెద్దగా తిప్పడం లేదు. అమ్మ చాయ్ చల్లారిపోయేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది. "అరవై ఏళ్ల నుంచి ఈడనే గాజులు కొంటున్న, ఎట్ల చేస్తరో ఇయ్యాల్నే చూసిన" అంది. కిందికి దిగాక అనుకున్న వాటికన్నా నాలుగు జతలు ఎక్కువ కొన్నది. ఒక్క జతకు కూడా బేరం ఆడలేదు. మా అమ్మ బేరం ఆడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ పెద్దాయన మంచితనం వల్ల మాకు ఆ గంట దొరికింది. మరి రోజూ వచ్చే వేల మందికి? నేను చాలా రోజులుగా గమనిస్తున్నాను, బయటి నుంచి వచ్చినవాళ్లు చార్మినార్ దగ్గర ఎక్కువసేపు ఉండటం లేదు. ఆటో దిగుతారు, నాలుగు ఫొటోలు దిగుతారు, ఇరానీ చాయ్ తాగుతారు, ఉస్మానియా బిస్కెట్లు పొట్లం కట్టించుకుంటారు, లాడ్ బజార్ మొదట్లో రెండు దుకాణాలు చూసి వెళ్లిపోతారు. అంతా కలిపి అరగంట, మహా అయితే గంట. ఇష్టం లేక వెళ్లిపోవడం లేదు. కూర్చోవడానికి చోటు లేదు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియదు, సందులోకి వెళితే ఎక్కడ తేలతామో చెప్పే బోర్డు లేదు. అందుకే వెళ్లిపోతున్నారు. వాళ్లు ఇంకో మూడు గంటలు ఉండగలిగేలా చేయమని అడగడానికే ఈ ఉత్తరం.

ఆ మూడు గంటల్లో ఏం చూడవచ్చో నాకు తెలిసినంత చెబుతాను.

నయాపూల్ దాటి మదీనా సెంటర్ నుంచి నడక మొదలుపెడితే చార్మినార్ పావుగంట దూరం. ఆ దారంతా పత్తర్‌గట్టి. 1908లో మూసీ వరద వచ్చి ఊరిని తుడిచిపెట్టాక, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఈ రోడ్డును వెడల్పు చేసి రెండు వైపులా ఒకే తీరు రాతి కమానులతో దుకాణాలు కట్టించింది. కింద ఎండా వానా తగలకుండా నడిచే వసారా, పైన ఇళ్లు. నడిచే మనిషి గురించి అంత ముందే ఆలోచించి కట్టిన బజారు అది. ఈ రోజు ఆ వసారాలో నడవాలంటే బైకులు, అట్టపెట్టెలు, వేలాడే వైర్లు తప్పించుకుంటూ పోవాలి. ఆ రాళ్ల మీద బోర్డులు మేకులతో కొట్టేశారు. ఇక్కడ కొత్తగా కట్టాల్సింది ఏమీ లేదు. ఉన్న వసారాను ఖాళీ చేయించి, వైర్లు భూమిలోకి దించి, రాయి కనిపించేలా చేస్తే చాలు.

మదీనా సెంటర్ దగ్గరే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, అంటే మొహర్రంలో పీరులను నిలబెట్టే చోటు, ఉంది. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే దాన్నీ కట్టించాడు. లోపలి గోడల మీద నాలుగు వందల ఏళ్ల నాటి పింగాణీ పలకల పని. పసుపు, నీలం, ఆకుపచ్చ, ముదురు గోధుమ రంగు ముక్కలను కోసి, అతికి, పీరుల ఆకారంలో, తీగల ఆకారంలో పేర్చారు. కింది భాగంలో పలకలు 1908 వరదలో పాడైతే తర్వాత అక్కడ రంగులు వేసి పూరించారు. దగ్గరికి వెళ్లి చూస్తే అసలు పలక ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. వరద నీళ్లు ఏ ఎత్తు దాకా పాడు చేశాయో ఆ గోడే చెబుతుంది. నేను పుట్టి పెరిగిన చోటికి ఇంత దగ్గరలో ఉన్నదాన్ని 30 ఏళ్లు దాటాక మొదటిసారి చూశాను. నాకు ఎవరూ చెప్పలేదు, దారిలో ఎక్కడా రాసి లేదు. అది ఇప్పటికీ మొహర్రంలో జనం వచ్చి దండం పెట్టుకునే చోటు, కాబట్టి దాన్ని నడిపే పెద్దలను అడిగి, వాళ్లు సరేనన్న వేళల్లోనే సందర్శకులను పంపండి. కనీసం పత్తర్‌గట్టి రోడ్డు మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో ఒక బోర్డు పెట్టండి.

అక్కడి నుంచి మచ్లీ కమాన్ కిందుగా వస్తే గుల్జార్ హౌజ్. నాలుగు వైపులా నాలుగు కమానులు, నడుమ ఫౌంటెన్. పొద్దున్నే ఇటు వస్తే బండ్ల దగ్గర వెన్న దోసెలు, ఇడ్లీలు తినేవాళ్లతో వీధి నిండి ఉంటుంది. ఇంకా తెల్లవారకముందే వస్తే హోటళ్లలో నహారీ, పాయా అనే మాంసం పులుసులు. పురానీ హవేలీ వైపు వెళితే నాన్ భట్టీల్లో నాలుగు మూలల నాన్‌లు తందూరు గోడ నుంచి ఊడదీసి వేడివేడిగా చేతిలో పెడతారు. చాలామంది పాతబస్తీ తిండి అనగానే బిర్యానీ, హలీం దగ్గరే ఆగిపోతారు. హలీంకు 2010లోనే జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకేనని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) వచ్చింది, దాని పేరు దానికుంది. నా మటుకు నాకు ఆ నాన్ ముక్క చాలు. కాగితంలో చుట్టినా వేడికి చేయి కాలుతుంది. మా నాయన జీతం వచ్చిన రోజు డజను తెచ్చేవారు, ఇంట్లోకి వచ్చేసరికి రెండు తగ్గి ఉండేవి, దారిలో తిన్నానని ఆయనే ఒప్పుకునేవారు.

లాడ్ బజార్‌లో అమ్మే గాజు ఎక్కడ తయారవుతుందో కొనేవాళ్లకు కనిపించదని ముందే చెప్పాను. 2024లో హైదరాబాద్ లక్క గాజులకూ జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వల్ల పేరు నిలబడుతుంది, నిజమే. కానీ కుంపటి ముందు కూర్చున్న మనిషికి జతకు ఎంత ముడుతుందన్నది ఆ కాగితంలో ఉండదు. చూసేవాళ్లు వస్తే, ఆ పనికి ఎంత ఓపిక కావాలో కళ్లారా చూస్తే, మా అమ్మలాగే బేరం ఆపుతారు. నా కోరిక ఇది. లాడ్ బజార్‌లోనో, బాగుచేస్తున్న పాత భవనాల్లో ఒకదానిలోనో గాజులు చేసేవాళ్లకు అద్దె లేకుండా పది పన్నెండు పనిచోట్లు ఇవ్వండి. వాళ్లు అక్కడ పని చేసుకుంటారు, చేసినవి అక్కడే నేరుగా అమ్ముకుంటారు. వాళ్లను బొమ్మల్లా కూర్చోబెట్టి గంటకో ప్రదర్శన పెట్టించకండి. పని వాళ్లది, వేళలు కూడా వాళ్లవే కావాలి. పనిచోట్లలో సగానికి తగ్గకుండా ఆడవాళ్లకు ఇవ్వండి. ఇళ్లలో కూర్చుని రాళ్లు పొదిగేది ఎక్కువగా వాళ్లే.

గాజులవాళ్లకు కనీసం బజారు ఉంది. అది కూడా లేనివాళ్లు ఉన్నారు. ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికల ప్రెస్సుల మధ్య చేత్తో ఉర్దూ అక్షరాలు దిద్దే కాతిబ్‌లు ఒకప్పుడు వరసగా కూర్చునేవారు. కంప్యూటర్లు వచ్చాక వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. మిఠాయి మీద అంటించే వెండి వరక్ కోసం తోలు పుస్తకం మధ్యన వెండి ముక్కలు పెట్టి గంటల తరబడి సుత్తితో కొట్టే చప్పుడు నా చిన్నతనంలో చాలా సందుల్లో వినిపించేది. ఇప్పుడు ఆ చప్పుడు వెతుక్కుంటూ వెళ్లాలి. ఒక పిల్లవాడు స్కూల్ నుంచి వచ్చి కాతిబ్ పక్కన కూర్చుని తన పేరు కలంతో రాయించుకుంటే, ఆ పిల్లవాడికి ఊరు గుర్తుంటుంది, ఆ కాతిబ్‌కు ఆ రోజు కూలీ దక్కుతుంది.

ఇక రాత్రి సంగతి. పగలు చూసేవి, రాత్రి తిరిగేవి ఇక్కడ కలవడం లేదు. చార్మినార్ పైకి వెళ్లే 149 మెట్లు సాయంత్రానికే మూసేస్తారు. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా అయిదింటికి అటూ ఇటూగా మూతపడతాయి, ఆ రెండిటికీ శుక్రవారం సెలవు. బజారు మాత్రం సాయంత్రం ఆరు తర్వాతే కళ్లు తెరుస్తుంది. ఉద్యోగం చేసుకునే మనిషి ఆఫీసు అయ్యాక వస్తే చూడాల్సినవన్నీ తాళాల వెనక ఉంటాయి. పగలు వచ్చినవాళ్లు అయిదింటికి వెనక్కి తిరుగుతారు, ఆ దీపాల వెలుగులో బజారు చూడరు. చౌమహల్లా ఒక ట్రస్టు కింద ఉంది, చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, సాలార్‌జంగ్‌ను 1961లో పార్లమెంటు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. మీరందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని నెలకు రెండు శనివారాలు రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచుతామని ఒప్పుకుంటే చాలు. చౌమహల్లా ఖిల్వత్ హాల్లో షాండ్లియర్లు రాత్రి వెలుగుతుండగా ఈ ఊరి పిల్లలు చూడాలి కదా.

2021 అక్టోబర్‌లో ఆదివారం సాయంత్రాలు చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి "ఏక్ శామ్ చార్మినార్ కే నామ్" అని పెట్టారు గుర్తుందా? నేను మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. పోలీసు బ్యాండు వాయించింది, పిల్లలు రోడ్డు నడుమ కూర్చుని ఐస్‌క్రీమ్ తిన్నారు. హారన్ లేని చార్మినార్‌ను నేను జీవితంలో మొదటిసారి విన్నది ఆ సాయంత్రమే. మినార్ల మీద పావురాలు రెక్కలు కొట్టుకునే చప్పుడు కిందికి వినిపించింది. ఆ ఊపు తర్వాత తగ్గిపోయింది. దాన్ని మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి పెద్ద స్టేజీ, పెద్ద స్పీకర్లు వద్దు. ఒక వారం మర్ఫా వాయిద్యం, ఒక వారం దక్కనీ హాస్య కవుల ముషాయిరా, ఆషాఢంలో మా లాల్‌దర్వాజా డప్పు, ఒగ్గు కథ. బోనాలప్పుడు అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద చార్మినార్ మీదుగానే కదా వెళ్తుంది. మొహర్రంలో బీబీ కా ఆలం అనే పీరు ఊరేగింపు, రంజాన్‌లో తెల్లవార్లూ బజారు. ఈ పేటలకు రాత్రిపూట జనాన్ని ఎట్లా చూసుకోవాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. పండుగ రాత్రుల్లో ఇక్కడ ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఒంటిగంట దాకా తిరుగుతారు, ఏ భయమూ ఉండదు, ఎందుకంటే ప్రతి దుకాణం తెరిచి ఉంటుంది, ప్రతి గడప దగ్గర మనిషి ఉంటాడు. మామూలు రోజుల్లో షట్టర్లు పడ్డాక అదే సందులో దీపం ఉండదు. లాడ్ బజార్ వెనక సందుల్లో, మూసాబౌలి వైపు, ఛత్తా బజార్ వైపు రాత్రి నడిచి చూసి, దీపం లేని చోట్లు రాసుకుని వెలిగించండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. బాగుచేయడం అనగానే ముందు బండ్లవాళ్లను, నేల మీద పరుచుకుని అమ్మేవాళ్లను ఖాళీ చేయించడం అలవాటైపోయింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేయకుండా, ధ్రువపత్రాలు ఇవ్వకుండా వాళ్లను లేపకూడదు. ఎవరు ఎక్కడ అమ్మాలో తేల్చే కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీని కూర్చోబెట్టి మాట్లాడండి. చార్మినార్ నీడలో గాజు ముత్యాల దండలు అమ్మే మనిషిని లేపేసి అక్కడ పూలకుండీ పెడితే, చూడ్డానికి వచ్చినవాళ్లకు పూలకుండీయే మిగులుతుంది.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. 2025 మే 18న తెల్లవారి గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు వచ్చి 17 మంది చనిపోయారు, చిన్న పిల్లలు కూడా ఉన్నారు. కింద దుకాణాలు, పైన కాపురం, రావడానికి పోవడానికి ఒక్క ఇరుకు దారి. మేం ఎక్కిన మెట్లు కూడా అలాంటివే. ఆ పెద్దాయన ఇంట్లో చాయ్ తాగుతూ నేను గోడల మీద పాత వైర్లు చూశాను, ఒక్క స్విచ్ బోర్డు నుంచి పది తీగలు పోయి ఉన్నాయి. కుంపటి పక్కన పసిపాప పడుకుని ఉంది. పాత ఇళ్లకు నోటీసులు ఇచ్చి ఊరుకోకండి. ఇంటింటికీ ఎలక్ట్రీషియన్‌ను పంపి, ఖర్చులో ప్రభుత్వం వాటా పెట్టుకుని వైరింగ్ మార్పించండి. పక్కిళ్ల వాళ్లతో మాట్లాడి మిద్దె మీదుగా రెండో దారి తెరిపించండి. సందుల్లో పట్టేంత చిన్న ఫైర్ బండ్లు దగ్గర్లోనే ఉంచండి. ఇక్కడికి ఎంతమంది చూడ్డానికి వచ్చినా, పైన పడుకునే కుటుంబం క్షేమంగా లేకపోతే ఆ దీపాలన్నీ ఎవరి కోసం?

ఖర్చులు పెద్దవి అంటారేమో. అందుకే మొదట చిన్నవి అడుగుతున్నాను. మదీనా సెంటర్ నుంచి శాలిబండ దాకా ఆడవాళ్లు వాడగలిగే మరుగుదొడ్లు నాలుగు. వాటికి తాళం కాదు, జీతం తీసుకుని రాత్రి పదకొండు దాకా ఉండే మనిషి కావాలి. కమానుల కింద, చెట్ల కింద వెన్ను ఆనించుకునే బెంచీలు. మెట్రో దిగినవాళ్ల కోసం ఎంజీబీఎస్ స్టేషన్ నుంచి చిన్న బ్యాటరీ బండ్లు. సందు మొదట్లో, ఆ సందులో ఏ పని జరుగుతుందో చెప్పే బోర్డు. పెద్దాయన ఇంటి కోడలి కుంపటికి దారి చూపించే బోర్డు అలాంటిదే ఒకటి ఉంటే ఎంత బాగుండేదో.

రంజాన్ నెల మొదలయ్యేలోపు ఆ మరుగుదొడ్ల తాళాలు తీయించండి. పెళ్లి తర్వాత మా అన్న కూతురు సీమంతానికి గాజులు కావాలి, అమ్మ ఇప్పటి నుంచే నేనూ వస్తానంటోంది. ఈసారి ఆమెను పత్తర్‌గట్టి నుంచి నడిపించి తీసుకెళ్లాలని ఉంది, మధ్యలో రెండు చోట్ల కూర్చోబెట్టి.

ఇట్లు,
గౌలిపుర ఆడబిడ్డ